ఆరు చోట్ల ఇరుకులోంచి వచ్చిన కంట్రోల్ ప్యానెల్: అటారీ ఎస్‌టీలో ఎక్స్‌కంట్రోల్ పనితీరు

సంక్షిప్తంగా: అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌లో డెస్క్ యాక్సెసరీలు అనే చిన్న ప్రోగ్రాములకు ఆరు చోట్లే ఉండేవి. రంగులు, మౌస్, ప్రింటర్, మోడెమ్ లాంటి ప్రతి సెట్టింగ్‌కూ ఒక చోటు ఇచ్చుకుంటూ పోతే అవి ఏ మూలకూ చాలవు. 1990ల మొదట్లో అటారీ సంస్థ తెచ్చిన ఎక్స్‌కంట్రోల్ ఒక్క చోటులో కూర్చుని, సీపీఎక్స్ అనే చిన్న ఫైళ్లను అవసరమైనప్పుడు మాత్రమే తెచ్చుకునే పద్ధతి పెట్టింది. ప్రతి సీపీఎక్స్ ఫైలు మొదట్లో ఉండే 512 బైట్ల పరిచయ చీటీ మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది.

పాత అటారీ ఫ్లాపీల కాపీలను ఇప్పుడు హటారి లాంటి ఎమ్యులేటర్‌లో (పాత మెషిన్‌ను ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములో) తెరిచేవారికి ఒక ఫోల్డర్ తరచూ ఎదురవుతుంది. పేరు సీపీఎక్స్. లోపల పది పన్నెండు చిన్న ఫైళ్లు ఉంటాయి. వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రాము నడవదు. ఎక్స్‌కంట్రోల్ అనే మరో ఫైలును దానికి కావాల్సిన చోట పెట్టి, మెషిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే గానీ వాటిలో కదలిక రాదు. ఇవి ప్రోగ్రాములా, డ్రైవర్లా, ఉట్టి డేటా ఫైళ్లా అనే అయోమయం అక్కడే మొదలవుతుంది. నిజానికి ఇవి ప్రోగ్రాములే. కాకపోతే సొంత కాళ్ల మీద నిలబడలేని ప్రోగ్రాములు. ఎందుకలా తయారుచేశారో తెలియాలంటే ఆ మెషిన్ ఎంత ఇరుకులో పనిచేసిందో ముందు చూడాలి.

### ఒకసారికి ఒకే ప్రోగ్రాము

కమోడోర్ కంప్యూటర్ సంస్థను స్థాపించిన జాక్ ట్రామియెల్ 1984లో వార్నర్ సంస్థ నుంచి అటారీ హోమ్ కంప్యూటర్ వ్యాపారాన్ని కొన్నాక, ఏడాది తిరిగేసరికి 520ఎస్‌టీ మార్కెట్‌లోకి వచ్చింది. అందులో 8 మెగాహెర్ట్జ్ మోటరోలా 68000 ప్రాసెసర్, 512 కిలోబైట్ల మెమరీ ఉండేవి. కిటికీలు, మెనూలు, ఐకాన్లు చూపించే బాధ్యత డిజిటల్ రీసెర్చ్ సంస్థ తయారుచేసిన జెమ్‌ది. తొలి మెషిన్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్లాపీ నుంచి మెమరీలోకి దిగేది. దానికే 200 కిలోబైట్ల దాకా పోయేవి. తర్వాత దాన్ని రామ్ నుంచి రోమ్ చిప్పుల్లోకి మార్చడంతో కాస్త ఊపిరి ఆడింది.

ఎస్‌టీలో ఒకసారికి ఒకే ప్రోగ్రాము నడుస్తుంది. వర్డ్ ప్రాసెసర్‌లో ఉండగా పెయింటింగ్ ప్రోగ్రాము కావాలంటే మొదటిదాన్ని మూసెయ్యాల్సిందే. దీనికి ఉన్న ఒకే ఒక మినహాయింపు డెస్క్ యాక్సెసరీ. పేరు చివర ఏసీసీ అని ఉన్న ఫైలును బూట్ డిస్క్‌లో ఫోల్డర్లన్నిటికీ బయట పెడితే, మెషిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు అది మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. తెర పైన ఎడమ వైపు మెనూలో దాని పేరు కనిపిస్తుంది. ఏ జెమ్ ప్రోగ్రాములో ఉన్నా ఆ మెనూ నుంచి దాన్ని పిలవచ్చు. గడియారం, క్యాలిక్యులేటర్, కంట్రోల్ ప్యానెల్ ఇలా వచ్చినవే.

ఇందులో రెండు తిప్పలున్నాయి. ఆ మెనూలో ఆరు చోట్లకు మించి లేవు. పైగా అందులో చేరిన ప్రతి యాక్సెసరీ, వాడినా వాడకపోయినా, మెషిన్ ఆపేదాకా మెమరీని పట్టుకునే ఉంటుంది. నెలకోసారి మాత్రమే మార్చే ప్రింటర్ సెట్టింగ్ కోసం రోజంతా మెమరీ అట్టేపెట్టడం 512 కిలోబైట్ల మెషిన్‌లో చిన్న ఖర్చేమీ కాదు. అందుకే చాలామంది ఏసీసీ పేర్లను ఏసీఎక్స్‌గా మార్చి, ఏ రోజు ఏది కావాలో చూసుకుని తిరిగి బూట్ చేస్తూ సర్దుకునేవారు.

కోడ్‌హెడ్ సంస్థ అమ్మిన మల్టీడెస్క్ దీనికి ఒక దారి చూపింది. అది ఒక్క చోటు తీసుకుని, మామూలు యాక్సెసరీలనే తన లోపలికి లోడ్ చేసుకునేది. ఉన్న ప్రోగ్రాములన్నీ పనికొస్తాయి కాబట్టి వాడేవారికి లాభమే. అయితే ఒక్కో యాక్సెసరీ తన విండో, తన స్లయిడర్లు, తన సేవింగ్ పద్ధతి అన్నీ సొంతంగా మోసుకొచ్చేది. ఆ బరువు తగ్గాలంటే యాక్సెసరీ అన్నదాని రూపమే మారాలి. అటారీ ఆ పని చేసింది.

### 512 బైట్ల చీటీ

ఎక్స్‌కంట్రోల్ కూడా డెస్క్ యాక్సెసరీయే. ఎస్‌టీ తర్వాత అటారీ తెచ్చిన మెగా ఎస్‌టీఈ, టీటీ030 లాంటి మెషిన్ల కాలంలో, పాత కంట్రోల్ ప్యానెల్ స్థానంలో వచ్చింది. రంగులు మార్చడం, మౌస్ వేగం పెంచడం లాంటి పనులేవీ దానంతట అది చెయ్యదు. ఆ పనులు చేసే సీపీఎక్స్ ఫైళ్లకు తెర మీద చోటు చూపించడం, వాటిని పిలవడం, పంపించడం మాత్రమే దాని పని.

సీపీఎక్స్ ఫైలును విప్పి చూస్తే అందులో రెండు భాగాలుంటాయి. వెనక భాగం మామూలు అటారీ ప్రోగ్రామే. ముందు భాగం సరిగ్గా 512 బైట్ల హెడర్. వంటింట్లో డబ్బాల మీద అతికించే చీటీ లాంటిది ఇది. మూత తియ్యకుండానే లోపల కందిపప్పో మినప్పప్పో తెలిసిపోతుంది.

ఆ చీటీలో ఏముంటుందో వరసగా చూస్తే: మొదటి రెండు బైట్లలో 100 అనే సంఖ్య ఉంటుంది. ఇది సీపీఎక్స్ ఫైలే అనడానికి అదే గుర్తు. తర్వాతి రెండు బైట్లలో మూడు స్విచ్‌లు ఉంటాయి, వాటి సంగతి కింద వస్తుంది. ఆ తర్వాత నాలుగు బైట్ల గుర్తింపు సంకేతం, రెండు బైట్ల వెర్షన్ సంఖ్య, ఐకాన్ కింద రాయాల్సిన పేరుకు 14 బైట్లు. ఐకాన్ బొమ్మకు 96 బైట్లు. అంటే 32 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న నలుపు తెలుపు బొమ్మ. ఐకాన్ రంగుకు రెండు, శీర్షికకు 18, దాని రంగుకు మరో రెండు బైట్లు. తర్వాత 64 బైట్ల చిన్న అర. మిగిలిన 306 బైట్లను ముందు ముందు అవసరాల కోసం ఖాళీగా వదిలేశారు.

మెషిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్స్‌కంట్రోల్ తనకు చెప్పిన ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడున్న సీపీఎక్స్ ఫైళ్ల చీటీలను చదువుకుంటుంది. మామూలుగా చీటీని దాటి లోపలికి పోదు. ఇరవై మాడ్యూళ్లు, అంటే సీపీఎక్స్ ఫైళ్లు, ఉన్నాయనుకుందాం. వాటి చీటీలన్నిటికీ కలిపి 10 కిలోబైట్లు చాలు. వినియోగదారుడు కంట్రోల్ ప్యానెల్ తెరిచినప్పుడు కనిపించే ఐకాన్లూ పేర్లూ ఈ చీటీల్లోంచి వచ్చినవే. అసలు ప్రోగ్రాము అప్పటికి ఇంకా డిస్క్ మీదే ఉంటుంది. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు అది మెమరీలోకి వస్తుంది, పని కాగానే వెళ్లిపోతుంది.

ఫ్లాపీతో నడిచే మెషిన్‌లో ఈ ఏర్పాటుకు మూల్యం లేకపోలేదు. ఐకాన్ నొక్కిన ప్రతిసారీ డ్రైవ్ తిరగాలి. డిస్క్ మార్చేసి ఉంటే మాడ్యూలు దొరకనే దొరకదు. హార్డ్ డిస్క్ ఉన్నవారికి ఈ బాధ లేదు. ఎక్స్‌కంట్రోల్‌ను హార్డ్ డిస్క్ ఉన్న మెషిన్లను మనసులో పెట్టుకుని రాశారని దీన్నిబట్టి అనుకోవచ్చు.

### మూడు స్విచ్‌లు

అన్ని సెట్టింగులూ ఒక్కలాంటివి కావు. తెర రంగులు మెషిన్ స్టార్ట్ అవగానే పడాలి. ఎవరో వచ్చి ప్యానెల్ తెరిచేదాకా ఆగితే కుదరదు. ప్రింటర్ సెట్టింగ్ మాత్రం అడిగినప్పుడు కనిపిస్తే సరిపోతుంది. ఈ తేడాను హెడర్‌లోని మూడు స్విచ్‌లు చెబుతాయి.

బూట్ స్విచ్ వేసి ఉంటే, మెషిన్ స్టార్ట్ అయ్యేటప్పుడే ఆ మాడ్యూలును ఒకసారి పిలిచి, నువ్వు దాచుకున్న సెట్టింగ్ అమలు చేసుకో అంటుంది ఎక్స్‌కంట్రోల్. రెండోది రెసిడెంట్ స్విచ్. ఇది వేస్తే మాడ్యూలు ఎప్పటికీ మెమరీలోనే ఉంటుంది. తరచూ వాడేవాటికి, ఫ్లాపీ తిరగడం ఇష్టం లేనివారికి ఇది అక్కరకొస్తుంది. మూడోది సెట్ మాత్రమే అనే స్విచ్. ఇలాంటి మాడ్యూలు స్టార్టింగ్‌లో తన పని చేసి తప్పుకుంటుంది, ప్యానెల్‌లో ఐకాన్‌గా కనిపించదు.

అక్కర్లేని మాడ్యూలును చెరిపెయ్యక్కర్లేదు. కాన్ఫిగర్ మాడ్యూలులో దాన్ని ఆపితే ఫైలు పేరు చివరి సీపీఎక్స్ కాస్తా సీపీజెడ్ అవుతుంది. వాడుకరులు ఏసీసీని ఏసీఎక్స్‌గా చేతితో మార్చుకునే పాత అలవాటునే ఇక్కడ పద్ధతిగా మార్చారు. పాత డిస్క్‌లలో సీపీజెడ్ ఫైళ్లు కనిపిస్తే అవి పాడైపోయినవి కావు, ఎవరో పక్కన పెట్టినవి.

### సెట్టింగులు ఎక్కడ దాక్కుంటాయి

ఇవాళ్టి వాడుకరికి వింతగా తోచే విషయం ఇది. రంగుల మాడ్యూలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్లయిడర్లు జరిపి సేవ్ నొక్కితే, ఆ విలువలు వేరే సెట్టింగుల ఫైలులోకి పోవు. ఆ మాడ్యూలు ఫైలులోనే, దాని డేటా భాగం మొదట్లో రాసుకుంటాయి. ప్రోగ్రాము తన ఫైలును తనే దిద్దుకుంటుందన్నమాట. ఈ పని ఎక్స్‌కంట్రోల్ చేసిపెడుతుంది. ఏ చిరునామా నుంచి ఎన్ని బైట్లు రాయాలో మాడ్యూలు చెబితే చాలు.

దీనివల్ల ఒక సుఖముంది. ఫైలును స్నేహితుడికి కాపీ చేసి ఇస్తే రంగులు కూడా వెంట వెళ్తాయి. చిక్కులూ ఉన్నాయి. రైట్ ప్రొటెక్ట్ చేసిన ఫ్లాపీ మీద ఏదీ సేవ్ కాదు. మాడ్యూలు కొత్త వెర్షన్‌ను పాతదాని మీద కాపీ చేస్తే పాత సెట్టింగులు కొట్టుకుపోతాయి. సేవ్ చెయ్యనక్కర్లేని, మెషిన్ ఆపేదాకా మాత్రం గుర్తుండాల్సిన విషయాల కోసం హెడర్‌లోని 64 బైట్ల అర ఉంది. హెడర్ ఎప్పుడూ మెమరీలోనే ఉంటుంది కాబట్టి, మాడ్యూలు వెళ్లిపోయి మళ్లీ వచ్చినా అందులో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

### అద్దె ఇంట్లో సామాను

ఎక్స్‌కంట్రోల్ రాసినవారు జాగ్రత్తగా దాటాల్సిన గుంట ఇంకోటి ఉంది. ఎస్‌టీలో ఎవరు మెమరీ అడిగినా, అప్పుడు ముందు నడుస్తున్న ప్రోగ్రాము పేరు మీదే లెక్క రాస్తుంది ఆపరేటింగ్ సిస్టమ్. వర్డ్ ప్రాసెసర్ నడుస్తుండగా యాక్సెసరీ 10 కిలోబైట్లు తీసుకుంటే, ఆ మెమరీ వర్డ్ ప్రాసెసర్ సొత్తు. దాన్ని మూసేయగానే ఆ మెమరీ కూడా ఖాళీ అయిపోయినట్టే. పక్కింటివాళ్ల అద్దె వాటాలో మన సామాను పెట్టుకుంటే, వాళ్లు ఖాళీ చేసిన రోజున మన మూటా వీధిలో పడుతుంది. యాక్సెసరీకి ఆ సంగతి తెలియదు. అది పాత చిరునామాకే వెళ్లి చదవబోతుంది, మెషిన్ కూలిపోతుంది. తెర మీద వరసగా బాంబు బొమ్మలు పడతాయి. ఎన్ని బాంబులన్నదే తప్పు సంఖ్య. రెండు పడితే బస్ ఎర్రర్, మూడు పడితే అడ్రస్ ఎర్రర్.

అందుకే జెమ్‌లో ఒక హెచ్చరిక ఏర్పాటు ఉంది. ముందున్న ప్రోగ్రాము ముగిసేటప్పుడు యాక్సెసరీలకు సందేశం వస్తుంది. అది అందగానే ఎక్స్‌కంట్రోల్ తెరిచి ఉన్న మాడ్యూలును ముగించమంటుంది. మాడ్యూలు దాన్ని వినియోగదారుడు క్యాన్సిల్ నొక్కినట్టుగా తీసుకోవాలి, తీసుకున్న మెమరీ వదిలెయ్యాలి. స్లయిడర్ సగం జరిపి వదిలేసి ప్రోగ్రాము మార్చితే ఆ మార్పు నిలవకపోవడానికి కారణం ఇదే. అది లోపం కాదు, క్రాష్ కాకుండా చూసే జాగ్రత్త.

### ఇల్లు ఇచ్చే వసతులు

ఆ కాలపు ఎస్‌టీ జెమ్‌లో పాపప్ మెనూ లేదు. స్లయిడర్‌ను తయారుగా అందించే ఏర్పాటూ లేదు. ప్రతి ప్రోగ్రామర్ వాటిని సొంతంగా రాసుకోవాల్సిందే. మాడ్యూళ్లకు ఇల్లు లాంటి ఎక్స్‌కంట్రోల్, తను పిలిచే ప్రతి మాడ్యూలుకూ ఒక ఫంక్షన్ల పట్టిక చేతికిస్తుంది. పాపప్ చూపించడం, స్లయిడర్ సైజు లెక్కకట్టడం, దాన్ని మౌస్‌తో లాగడం, హెచ్చరిక పెట్టె వెయ్యడం, సెట్టింగులు సేవ్ చెయ్యడం, మెషిన్‌లో ఏ హార్డ్‌వేర్ ఉందో కనుక్కోవడం అన్నీ ఆ పట్టికలో ఉంటాయి. ఆ కోడ్ ఎక్స్‌కంట్రోల్‌లో ఒక్కసారే ఉంటుంది. మాడ్యూళ్లు అంత చిన్నగా ఉండగలగడానికీ, ఎవరు రాసినా చూడ్డానికి ఒకే తీరుగా కనిపించడానికీ మూలం ఇక్కడుంది.

హార్డ్‌వేర్ కనుక్కోవడం ఎందుకంటే, అప్పటికి అటారీ మెషిన్లు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతున్నాయి. మొదటి ఎస్‌టీలో 512 రంగుల్లోంచి ఎంచుకోవచ్చు. 1989లో వచ్చిన ఎస్‌టీఈలో 4,096 రంగులున్నాయి. ఎస్‌టీఈలో బాస్, ట్రెబుల్ మార్చుకునే సౌండ్ ఉంది, పాత ఎస్‌టీలో లేదు. అన్నిటికీ సరిపోయే ఒకే పెద్ద ప్యానెల్ రాయడం కన్నా, ఏ మెషిన్‌కు ఏది కావాలో ఆ మాడ్యూలు ఫోల్డర్‌లో పెట్టడం తేలిక. మాడ్యూలు తనకు కావాల్సిన చిప్ లేదని తెలుసుకుంటే తెరుచుకోనని చెప్పవచ్చు.

మాడ్యూళ్లలో మళ్లీ రెండు రకాలున్నాయి. కొన్ని బటన్లు, ఓకే, క్యాన్సిల్ ఉండే మామూలు ఫారం అయితే పని అంతా ఎక్స్‌కంట్రోల్‌కు అప్పజెప్పి కూర్చోవచ్చు. సెకను సెకనుకూ మారే గడియారం లాంటిదైతే, మౌస్, కీబోర్డ్, టైమర్‌లలో ఏది కదిలితే తన ఏ ఫంక్షన్‌ను పిలవాలో ముందే చెప్పి పెడుతుంది.

ఈ వసతులకు ఒక షరతు ఉంది. మాడ్యూలుకు తెర మీద దొరికే చోటు 256 చుక్కల వెడల్పు, 176 చుక్కల ఎత్తు. ఈ కొలత ఎందుకో ఎస్‌టీ తెరలను చూస్తే తెలుస్తుంది. వాటిలో అన్నిటికన్నా చిన్నది 320 × 200. మెనూ, విండో పట్టీలు పోగా మిగిలేది దాదాపు అంతే. టీటీ030 పెద్ద తెర మీద మాత్రం అదే ప్యానెల్ గోడకు అంటించిన తపాలా బిళ్లలా కనిపిస్తుంది. ఒకసారికి ఒకే మాడ్యూలు తెరుచుకోవడం ఇంకో పరిమితి.

### మిగతావారు ఏం చేశారు

ఇదే సమస్యను ఎవరికి వారు తమ మెషిన్‌ను బట్టి తీర్చుకున్నారు. కమోడోర్ సంస్థ కంప్యూటర్ అమీగాలో మొదట్లో ప్రిఫరెన్సెస్ అనే ఒకే ప్రోగ్రాము ఉండేది. 1990లో వచ్చిన 2.0 వెర్షన్‌లో దాన్ని విడగొట్టి ప్రతి సెట్టింగ్‌కూ ఒక ప్రోగ్రాము చేశారు. అమీగాలో ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములైనా నడుస్తాయి కాబట్టి మాడ్యూళ్లను మోసే ఇల్లు అక్కర్లేదు. ఎస్‌టీకి ఆ వెసులుబాటు లేకనే ఎక్స్‌కంట్రోల్ అవసరమైంది.

దగ్గరి బంధువు మెకింటాష్‌లో ఉంది. అక్కడ 1980ల చివర్లో కంట్రోల్ ప్యానెల్ ఒక డెస్క్ యాక్సెసరీగా ఉండి, ఎడమ వైపు మాడ్యూళ్ల ఐకాన్లను చూపించేది. 1991లో సిస్టమ్ 7 వచ్చాక అవి ఫోల్డర్‌లోకి వెళ్లి, ఒక్కోటీ సొంత విండోలో తెరుచుకోవడం మొదలైంది. విండోస్ 3.1లో సీపీఎల్ ఫైళ్లు కూడా ఈ జాతివే. ఒక తేడా ఉంది. సీపీఎల్ ఫైలు తన పేరు, ఐకాన్ చెప్పాలంటే దాన్ని మెమరీలోకి తెచ్చి అడగాలి. సీపీఎక్స్ చీటీ చూస్తే చాలు. తక్కువ మెమరీ ఉన్న మెషిన్‌లో అటారీ పద్ధతే పొదుపైనదని చెప్పాలి.

### తర్వాతి రోజులు, ఇప్పటి వాడకం

హెడర్ రూపం, ఫంక్షన్ల పట్టిక అటారీ బయటి ప్రోగ్రామర్లకు తెలియజేయడంతో, సంస్థతో సంబంధం లేనివారూ మాడ్యూళ్లు రాశారు. అటారీ తర్వాతి కంప్యూటర్ ఫాల్కన్‌కు, ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మల్టీటాస్ వచ్చి ఆరు చోట్ల పరిమితి పోయాక, ఎక్స్‌కంట్రోల్ పుట్టడానికి అసలు కారణం మాయమైంది. సీపీఎక్స్ ఫైళ్లు మాత్రం ఉండిపోయాయి. మాడ్యూలుకూ ఇంటికీ మధ్య ఒప్పందం ఇంత చిన్నది, ఇంత స్పష్టమైనది కావడంతో ఇంటిని మార్చడం కష్టం కాలేదు. కాప్స్ అనే ప్రత్యామ్నాయం అవే మాడ్యూళ్లను తీసుకుని, ఒకేసారి కొన్నిటిని వేర్వేరు విండోల్లో తెరిచే వీలు కల్పించింది.

ఎమ్యులేటర్‌లో ఎక్స్‌కంట్రోల్ కనిపించకపోతే సాధారణంగా కారణం చోటే. ఏసీసీ ఫైలు బూట్ అయ్యే డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే ఉండాలి. ఆటో అనే ఫోల్డర్‌లో పెడితే అది నడవదు. కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌ను సి డ్రైవ్‌గా చూపించే సౌకర్యం హటారిలో ఉంది. అప్పుడు ఏసీసీ ఆ ఫోల్డర్ పై అంచెలో, మాడ్యూళ్లు దాని లోపలి సీపీఎక్స్ ఫోల్డర్‌లో ఉండాలి. ప్యానెల్ తెరుచుకుని ఐకాన్లు మాత్రం లేకపోతే, అది వెతుకుతున్న ఫోల్డర్ దారి వేరే డ్రైవ్‌ను చూపిస్తోందేమో సరిచూసుకోవాలి. పాత డిస్క్ కాపీల్లో ఆ దారి కూడా సేవ్ అయి ఉంటుంది. దాన్ని సెట్టింగుల్లో మార్చి, మాడ్యూళ్లను మళ్లీ లోడ్ చెయ్యమంటే ఐకాన్లు వరసగా వచ్చి కూర్చుంటాయి.